ఏప్రిల్ ఒకటి: ఒక పరిహాస దినం పూర్వోత్తరాలు

కొన్ని పండుగలకు పురాణం ఆధారం. మరికొన్నింటికి రాజశాసనం ఆధారం. ఏప్రిల్ ఒకటవ తేదీకి ఈ రెండూ లేవు. అయినా ఎదుటివారిని వెర్రివారిని చేసి నవ్వుకునే ఈ ఆచారం ఐరోపాలో నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచింది. ఆంగ్లేయుల ద్వారా భారతదేశానికి వచ్చి, తెలుగునాట బడిపిల్లలకు సైతం 'ఏప్రిల్ ఫూల్'గా పరిచితమైంది. 1964లో ఆ పేరుతోనే ఒక హిందీ చలనచిత్రం వెలువడింది. ఇంతటి ప్రాచుర్యం పొందిన ఆచారానికి మూలమేదన్న ప్రశ్నకు మాత్రం నేటికీ నిర్వివాదమైన సమాధానం లేదు.

తరచుగా వినవచ్చే కథనం పంచాంగ సంస్కరణకు సంబంధించినది. ఫ్రాన్స్ రాజు తొమ్మిదవ చార్లెస్ 1564లో రూసియోఁ శాసనం ద్వారా సంవత్సరాదిని జనవరి ఒకటిగా నిర్ణయించాడు. అంతకుముందు ఏప్రిల్ ఒకటి వరకు నూతన సంవత్సర వేడుకలు జరిగేవనీ, పాత పద్ధతిని విడవని వారిని ఇతరులు ఎగతాళి చేయగా ఈ దినం ఏర్పడిందనీ చెబుతారు. వినడానికి ఇది సముచితంగానే ఉన్నది. కాని తేదీలు దీనికి అనుకూలించవు. ఆనాటి ఫ్రాన్స్‌లో అనేక ప్రాంతాలకు సంవత్సరాది ఈస్టర్ పండుగ. దాని తేదీ ఏటా మారుతుంది. పైగా నేటి బెల్జియంలోని బ్రూజ్ నగరానికి చెందిన కవి ఎడ్వర్డ్ ద డేనె 1561లోనే, అంటే ఆ శాసనానికి మూడేళ్ల ముందే, ఏప్రిల్ ఒకటిన సేవకుణ్ణి అర్థంలేని పనులమీద తిప్పే ప్రభువును గూర్చి హాస్య కవిత రచించాడు.

ఇంగ్లండు సాక్ష్యం మరింత స్పష్టమైనది. అక్కడ సంవత్సరాది మార్చి 25 నుండి జనవరి ఒకటికి మారింది 1752లో. కాని జాన్ ఆబ్రీ అనే పండితుడు 1686లోనే ఈ 'మూర్ఖుల పండుగ'ను పేర్కొన్నాడు. 1698లో సింహాలకు స్నానం చేయించే వేడుక చూడవచ్చునని నమ్మించి కొందరిని లండన్ టవర్ కోటకు పంపిన ఉదంతాన్ని అప్పటి వార్తాపత్రిక ఒకటి ప్రకటించింది. కార్యం కారణానికి ముందు పుట్టదు గదా!

ఈ అన్వేషణలో భారతదేశానికీ ఒక స్థానమున్నది. 1784లో కలకత్తాలో స్థాపితమైన ఏషియాటిక్ సొసైటీ వెలువరించిన 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటంలో కర్నల్ పియర్స్ అనే సైనికాధికారి, హోలీ సందర్భంగా ప్రజలు ఒకరినొకరు వ్యర్థమైన పనులమీద పంపి నవ్వుకునే అలవాటును నమోదు చేశాడు. దానిని చూసి కొందరు ఆంగ్ల పండితులు ఈ రెండు ఆచారాలకూ మూలం ఒక్కటేనని ఊహించారు. అయితే పోలిక వేరు, వారసత్వం వేరు. ప్రాచీన రోమ్‌లో మార్చి 25న హిలారియా అనే ఉల్లాసోత్సవం జరిగేది. శీతకాలం గడచి వసంతం ప్రవేశించే వేళ కట్టుబాట్లను కొంత సడలించి నవ్వుకోవడం అనేక సమాజాలలో కనిపిస్తుంది. ఒకదాని నుండి మరొకటి వచ్చిందనడానికి పోలిక ఒక్కటే చాలదు.

ఆధారం లేని చోట కల్పన ఎంత సులభంగా స్థిరపడుతుందో 1983లో రుజువైంది. అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ బాస్కిన్, కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక విదూషకుణ్ణి ఒక్కరోజు రాజుగా నియమించాడని, అదే ఈ దినానికి నాంది అని విలేఖరికి చెప్పాడు. అసోసియేటెడ్ ప్రెస్ ద్వారా ఆ వార్త దేశమంతటా ప్రచురితమైంది. అది ఆచార్యుని పరిహాసమని తరువాత గాని తెలియలేదు.

బాస్కిన్ కల్పన వల్ల ఎవరికీ హాని కలుగలేదు. అన్ని కల్పనలూ అటువంటివి కావు. హిందువుల ఉగాదిని అవహేళన చేయడానికి ఆంగ్లేయులు ఈ దినాన్ని సృష్టించారని ఒక ప్రచారం. స్పెయిన్‌లో గ్రనడా ముస్లింలను మోసగించి ఓడించిన దినమిదని మరొక ప్రచారం. ఈస్టిండియా కంపెనీ ఏర్పడినది 1600లో. డేనె కవిత అప్పటికి 39 ఏళ్ల పాతది. చైత్ర శుద్ధ పాడ్యమి ఏటా ఏప్రిల్ ఒకటిన రాదు. గ్రనడా పతనమైనది 1492 జనవరి 2న. నవ్వుకోవడానికి ఏర్పడిన దినానికి అవమానపు చరిత్రను అంటగడితే, ఆ దినాన్ని జరుపుకునే పొరుగువాడే శత్రువుగా తోస్తాడు. ఈ రెండు ప్రచారాలూ నిలువవని తేల్చడానికి మూడు నాలుగు తేదీలు సరిపోయాయి.

లభ్యమైన ఆధారాలను బట్టి చెప్పగలిగినది పరిమితమే. పదహారవ శతాబ్ది మధ్యనాటికి పశ్చిమ ఐరోపాలో ఈ ఆచారం పాఠకులకు వివరించనవసరం లేనంతగా పరిచితమై ఉన్నది. అంతకు పూర్వపు చరిత్ర ఊహకే విడువబడింది. డేనె కవితలోని సేవకుడు ప్రభువు ఆజ్ఞను వింటూనే, తనను వట్టి పనిమీద తిప్పుతున్నారేమోనని పదే పదే శంకిస్తాడు. చక్కగా అమరిన ప్రతి మూలకథ ఎదుటా చరిత్ర పాఠకునికి ఆ శంక అవసరం.