17296: ఒక సంఖ్య చరిత్ర

17296, 18416 అనే సంఖ్యల జంట గణిత గ్రంథాలలో చాలాకాలం ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా పేరిట చలామణి అయింది. 1636లో ఆయన ఈ జంటను తెలియజేసిన మాట వాస్తవమే. కాని అంతకు మూడు శతాబ్దాలకు పూర్వమే పారశీక, మొరాకో పండితులు దీనిని ఎరిగి ఉన్నారు.

ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు దాని భాజకాలు. రెండు సంఖ్యలలో ప్రతిదాని భాజకాలనూ, ఆ సంఖ్యను మాత్రం మినహాయించి, కూడినప్పుడు రెండవ సంఖ్య వస్తే అవి స్నేహ సంఖ్యలు. ప్రాచీన గ్రీకులు 220, 284 అనే జంటను ఎరుగుదురు. ప్రేమను కలిగించే తాయెత్తులలో ఈ సంఖ్యలను వాడేవారని ఇబ్న్ ఖల్దూన్ పేర్కొన్నాడు. ఈ విషయాన్ని తాయెత్తుల నుండి తప్పించి నిరూపణకు తెచ్చినవాడు సాబిత్ ఇబ్న్ ఖుర్రా.

హర్రాన్‌కు చెందిన సాబిత్ బాగ్దాద్‌లో కీర్తి గడించి 901లో మరణించాడు. ఆయన ముస్లిం కాడు, సాబియన్ మతస్థుడు; అయినా ఖలీఫా ముఅతదిద్ ఆయనను ఎంతో ఆదరించాడు. సాబిత్ చెప్పిన నియమం ఇది: 16ను తీసుకుందాం. దానిని 3 చేత గుణించి 1 తీసివేస్తే 47. అందులో సగమైన 8ని అలాగే చేస్తే 23. 16, 8ల లబ్ధమైన 128ని 9 చేత గుణించి 1 తీసివేస్తే 1151. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే. కనుక 16, 23, 47ల లబ్ధం 17296; 16, 1151ల లబ్ధం 18416. ఇవి స్నేహ సంఖ్యలు. 16కు బదులు 4తో మొదలుపెడితే 220, 284 వస్తాయి. 8తో మొదలుపెడితే 287 ఎదురవుతుంది. అది 7, 41ల లబ్ధం కనుక నియమం అక్కడ వర్తించదు.

1319లో మరణించిన కమాలుద్దీన్ ఫారిసీ ఈ నియమానికి కారణాంకాల ఆధారంగా కొత్త నిరూపణ ఇచ్చి, 17296 జంటను గణించి చూపాడు. అదే కాలంలో మర్రాకుష్ పండితుడు ఇబ్న్ అల్-బన్నా కూడా దీనిని పేర్కొన్నాడు. 17వ శతాబ్దంలో ముహమ్మద్ బాకిర్ యజ్దీ 128తో మొదలుపెట్టి 9363584, 9437056 అనే జంటను సాధించాడు. యూరప్‌లో అది 1638 నాటి దెకార్త్ ఆవిష్కరణగా ప్రసిద్ధి పొందింది.

ఫెర్మా, దెకార్తుల ప్రతిభను దీనివల్ల తక్కువ చేయనక్కరలేదు. వెప్కే అనే జర్మన్ పండితుడు 1852లో సాబిత్ గ్రంథాన్ని ఫ్రెంచిలో పరిచయం చేసేవరకు యూరప్ గణితజ్ఞులకు దాని వివరాలు దాదాపు తెలియవు. సాబిత్ నియమం వల్ల లభించినవిగా ఈనాటికీ తెలిసినవి ఈ మూడు జంటలే. యూక్లిడ్ వేసిన పునాదిపై ఒక సాబియన్ నిలిపిన నియమాన్ని ముస్లిం పండితులు శతాబ్దాలపాటు కాపాడి, పెంచారు. విద్యకు మతభేదం లేదు; కాని విద్యాచరిత్రకు న్యాయం అవసరం. 17296 ప్రస్తావన వచ్చినచోట ఫెర్మా పేరుకు ముందు సాబిత్, ఫారిసీల పేర్లు ఉండడమే ఆ న్యాయం.