అతికిన మాంసము చిక్కుట

తెగిన ముఖమునకు మాంసము నతికి రూపము తెచ్చుట యొక యెత్తు. అతికిన మాంసము పెట్టినంత పరిమాణముననే నిలుచుట మఱియొక యెత్తు. సుశ్రుతసంహిత సూత్రస్థానములోని నాసాసంధానవిధిని చదివినవారు సాధారణముగా మొదటిదానినే కొనియాడుదురు. కాని యా గ్రంథకర్త, ముక్కునకు సరిపడు ఆకును కొలతగా గైకొని, అంతే ప్రమాణముగల చర్మమును చెక్కిలినుండి కోసి యతికి, రంధ్రములలో నాళముల నుంచి కట్టుమని చెప్పి యూరకుండక, గాయము మానినపిదప ముక్కు కొఱతపడినచో పెంపవలయుననియు, మాంసము మితిమీఱినచో సమము చేయవలయుననియు విధించుటయే నాకు మిక్కిలి గొప్పగా దోచును.

ఈ విద్య శాస్త్రమెఱిగిన పండితులయొద్ద కాక, చేతిపనివారియొద్ద నిలిచెను. టిప్పు సుల్తానుతో 1792లో జరిగిన యుద్ధమున ఆంగ్లసైన్యమునకు ఎడ్లను తోలుచు పట్టుబడి, ముక్కును ఒక చేతిని పోగొట్టుకొనిన కవాస్జీ యను మరాఠీవానికి, పుణె చేరువ ఇటుకలు చేయు కులమునకు జెందిన యొకడు క్రొత్త ముక్కు పెట్టిన వృత్తాంతము 1794 అక్టోబరులో లండను నగరపు 'జెంటిల్మన్స్ మాగజైను'న అచ్చుపడెను. అతడు పలుచని మైనపుబిళ్లను ముక్కుమోడుపై నొత్తి, దానిని చదునుచేసి నుదుటిపై పఱచి, చుట్టును గీతగీసి, కనుబొమల నడుమ సన్నని చర్మబంధమును మాత్రము రక్తప్రసారమునకై విడిచి, తక్కిన చర్మము నొలిచి క్రిందికి ద్రిప్పి యతికెను. కాచును నీట మెత్తజేసి గుడ్డపేలికలకు పూసి కట్టెను. పదియవనాట రంధ్రములలో మెత్తని గుడ్డల దూర్చెను. ఇరువదియైదవనాటికి బంధమును కోసెను. గుడ్డలు దూర్చుట యేల? లోపలివైపు పచ్చిగానున్న చర్మము ముడుచుకొని రంధ్రములు మూసికొనిపోవును గనుక.

ఆ వార్తను జదివిన జోసెఫ్ కార్ప్యూ యను శస్త్రవైద్యుడు 1814లో లండనున ఈ పద్ధతినే యవలంబించెను. ముడుచుకొనుట మాత్రము మానలేదు. ఇందూరులో బహుకాలము శస్త్రవైద్యుడై యుండిన కీగన్ దొర, ముక్కుమోడుమీది చర్మమునే లోపలికి మడచి అస్తరుగా నమర్చి, పైన నుదుటి చర్మమును గప్పెను; ఆతని గ్రంథము 1900లో వెలువడెను.

పిమ్మట యుద్ధగాయములకంటె క్యాన్సరే యీ విద్యకు పెద్ద పనిపెట్టెను. మన శ్రీకాకుళ విశాఖ తీరములయందు చుట్ట నిప్పును నోటిలోనికి బెట్టుకొని కాల్చు అడ్డపొగవలన అంగిలికి పుట్టు పుండ్లు వైద్యలోకమున ప్రసిద్ధములు. క్యాన్సరువలన నాలుకయు దవడయు దీసినచోట ఱొమ్ముకండరమును మెడగుండ నెక్కించి పూడ్చు పద్ధతిని 1979లో ఏరియన్ అను శస్త్రవైద్యుడు వెల్లడించెను. నరము తెగిన కండరము మాసములు గడచుకొలది చిక్కిపోవును. క్రొవ్వు అంతగా తఱుగదు గాని, రోగి బరువు తగ్గినచో తానును తగ్గును. కిరణచికిత్స యా తఱుగుదలను హెచ్చించును. క్రొత్త నాలుక అంగిలిని తాకనంతగా చిక్కినచో మాట ముద్దయగును, మెతుకు గొంతు దిగదు. కావుననే నేటి శస్త్రవైద్యులు తీసినచోటి లోటుకంటె కొంత పెద్దదిగానే మాంసమును గోసి పెట్టుచున్నారు. ఎంత మిగులుగా నుంచవలెననుటకు మాత్రము అందఱకు జెల్లు కొలత యింకను కుదురలేదు.