త్రిత్వం: గోదావరి–బస్తర్ సరిహద్దులో

దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవునిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురున్నారన్న క్రైస్తవ బోధ పేరు త్రిత్వం. ముగ్గురు దేవుళ్లని కాదు, ఒకే దేవుడు మూడు వేషాలు వేశాడనీ కాదు. తెలుగు చర్చిల్లో 'త్రియేక దేవుడు' అన్న మాట కూడా అంతే వాడుకలో ఉంది. అదే మేలైన మాట. 'త్రిత్వం'లో మూడే వినిపిస్తుంది, 'త్రియేక'లో ఒకటి కూడా వినిపిస్తుంది. త్రిమూర్తులను ఎరిగిన నేలమీద ఆ 'ఏక' లేకపోతే బోధ పక్కదారి పట్టడం తేలిక.

'త్రిత్వం' అన్న మాట బైబిలులో లేదు. గ్రీకులో 'త్రియాస్' అని 180 ప్రాంతంలో అంతియొకయ థియోఫిలస్, లాటినులో 'త్రినితాస్' అని తర్వాత టెర్టులియన్ వాడారు. కుమారుడు సృష్టించబడినవాడేనని అలెగ్జాండ్రియా పెద్ద అరియస్ బోధించడంతో వివాదం రేగింది. 325లో నికేయ సభ కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని నిర్ణయించింది. పరిశుద్ధాత్మను కూడా తండ్రితో, కుమారునితో పాటు ఆరాధించాలని 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ చేర్చింది. ఈ రెండు సభల నడుమ కైసరియ బిషప్ బాసిల్ ఆత్మ గురించి రాసిన గ్రంథంలో పట్టుకున్న ఆధారం గమనించదగ్గది. సంఘం బాప్తిస్మంలోనూ స్తుతిలోనూ ముగ్గురినీ కలిపే పలుకుతోంది కదా, మరి ఆత్మను తక్కువ చేయడమెలా అన్నాడాయన. అంటే నిర్వచనం కన్నా ముందు ఆరాధనే ఉంది.

మత్తయి సువార్త చివరి అధ్యాయంలో బాప్తిస్మపు ఆజ్ఞ వస్తుంది. అక్కడ పేర్లు మూడైనా 'నామము' ఏకవచనమే. గ్రీకులోని ఆ ఏకవచనం తెలుగులోనూ నిలిచింది. మరో చిక్కు మాత్రం మన వ్యాకరణంలోనిదే. తెలుగులో 'ఆత్మ' వచ్చింది అనాలి గాని వచ్చాడు అనలేం. 'వచ్చింది' అంటే పరిశుద్ధాత్మ ఒక శక్తిగా, ఒక వస్తువుగా మిగిలిపోతుంది. అందుకే యోహాను సువార్త తెలుగు అనువాదం 'ఆయన' అన్నది, ప్రార్థనల్లో భక్తులు 'పరిశుద్ధాత్ముడు' అని పుంలింగం చేసుకున్నారు. వేదాంతులు పుస్తకాల్లో చెప్పిన సంగతిని జనం ఒక్క ప్రత్యయంతో చెప్పేశారు. కాథలిక్కులు 'పవిత్రాత్మ' అంటారు. మాట వేరు, విశ్వాసం ఒకటే.

బస్తర్ వైపు సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలోని మరైగూడకు ఇవతల, తెలంగాణలో, దుమ్ముగూడెం ఉంది. ఈ బోధ కోయ పల్లెలకు చేరిన ప్రధాన దారి అదే. గోదావరిపై పడవలు నడిపే పనుల కోసం వచ్చిన ఇంజినీరు ఎఫ్. టి. హేగ్ ప్రోత్సాహంతో 1860ల ఆరంభంలో చర్చ్ మిషనరీ సొసైటీ ఇక్కడ కోయల మధ్య పని మొదలుపెట్టింది. క్రైస్తవుడైన తెలుగువాడు వెంకటరామరాజు తొలి సేవకుల్లో ఒకడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, కోయల ఆచారాల గురించి వ్యాసాలు రాశాడు. లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది. ఆ ఎంపిక ఈ విషయానికి బాగా కలిసొచ్చింది. కుమారుడైన యేసు బాప్తిస్మం పొంది ప్రార్థిస్తుండగా ఆత్మ పావురంలా దిగడం, ఆకాశంనుంచి తండ్రి స్వరం వినిపించడం లూకా మూడో అధ్యాయంలో ఉంది. సిద్ధాంతపు మాటలు లేకుండానే ముగ్గురూ ఒకే ఘట్టంలో కనిపిస్తారు. ఏటి ఒడ్డున బతికే జనానికి ఇంతకన్నా దగ్గరి దృశ్యం ఏముంటుంది!

దుమ్ముగూడెం సంఘాలు నేడు దక్షిణ ఇండియా సంఘపు దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఉన్నాయి. ఆ మండలానికి తొలి బిషప్ వి. ఎస్. అజరయ్య 1912లో అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. సరిహద్దుకు అవతల జగదల్‌పూర్‌లో 1977 నుంచి సీరో మలబార్ కాథలిక్ మేత్రాసనం ఉంది.

పెంతెకొస్తు తర్వాతి ఆదివారాన్ని త్రిత్వ ఆదివారంగా 1334లో పోపు 22వ జాన్ పడమటి సంఘమంతటికీ స్థిరపరిచాడు. అది మే నడిమి నుంచి జూన్ మూడో వారం లోపు వస్తుంది. కొన్నేళ్లు ఇక్కడ తొలకరితో కలుస్తుంది. అయితే త్రిత్వం ఆ ఒక్క రోజుది కాదు. ప్రార్థన తండ్రికి, కుమారుని ద్వారా, ఆత్మ సాయంతో సాగుతుంది. చివరి దీవెన ముగ్గురి పేరునా ఉంటుంది.

ఈ బోధను అందరు క్రైస్తవులూ ఒప్పుకోరు. అమెరికా పెంతెకొస్తు ఉద్యమంలో 1913 తర్వాత త్రిత్వాన్ని కాదని, యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇవ్వాలన్న శాఖ పుట్టింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ దాన్ని తోసిపుచ్చి త్రిత్వానికే కట్టుబడింది. యేసు నామం ఒక్కటే చాలన్న ఆ వాదం తెలుగు సంఘాల్లోకీ వచ్చింది. మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా అన్న ప్రశ్న లేచినప్పుడు, పెద్దలు మొదట అడిగేది నీళ్లు ఎన్నని కాదు, ఏ నామంలో అని.