దారిలోని దోషము

పొందూరు సన్నఖాదీలో నూలు ఒకచోట లావెక్కినను, ఒకచోట పిసరంత ముడి పడినను, ఆ దోషము ఎవరి చేతినుండి వచ్చినదో కనుగొనుట ఆ యూరివారికి కష్టము కాదు. వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి నలుసు తీసిన యామె, ఏకులు చుట్టిన యామె, ఒంటికదురు రాట్నముపై నూరవ నంబరు నూలు వడికిన యామె, మగ్గముగుంటలో కాళ్లు జార్చి కూర్చుండి నేసిన యాతడు, వీరిలో ఒకరి పని మరియొకరి చేతిలో పడుచుండును గనుక, బట్టను వెలుతురున కెత్తి పట్టిన క్షణమున దోషము తన పుట్టుచోటును తానే చెప్పును. ఆ బట్టమూట చిలకపాలెము వద్ద జాతీయ రహదారిని చేరుటకు సాగిపోవు బాట విషయమున మాత్రము మనకీ వివేచన లేకపోయినది. మలుపులో ఒక ప్రాణము పోయినచో, వాని నుదుట అట్లు వ్రాసియున్నదనియో, బండివాడు కన్ను గానక తోలినాడనియో అనుకొని ఇండ్లకు మరలుదుము. ఆ మలుపును అట్లు తీర్చినదెవరని అడుగుట న్యాయశాస్త్రము సైతము మిక్కిలి ఆలస్యముగా నేర్చుకొన్నది.

మన పల్లెబాటలు తొలుత ఎడ్లబండ్లకై ఏర్పడినవి. చెరువుగట్టును వెన్నంటి, పొలము చివర చటుక్కున తిరిగి, తాటితోపు చాటునుండి ఊరిలో ప్రవేశించు వంపు ఎద్దు నడకకు దోషము కాదు. ఆ వంపుపైననే తారు పోసి మోటారును విడిచినప్పుడు అది మృత్యుముఖమాయెను. జయకర్ సంఘపు సిఫారసు ననుసరించి 1934లో వెలసిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కాలక్రమమున ఇందులకు లెక్కలు కట్టినది: గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఆగుటకు ముందు 120 మీటర్ల బాట డ్రైవరు కంటికి కనబడవలెను, మలుపులో వెలుపలి యంచు లోపలి యంచుకంటె తగుపాటి ఎత్తున నుండవలెను. కొలత యున్నచోట తప్పునకు చిరునామా కూడ ఉండును.

ఆ చిరునామాను వెదకుటకు చట్టము చిరకాలము జంకినది. ఇంగ్లండులోని డెవన్ మండలమున మరమ్మతు లేని వంతెనవలన బండి చెడిపోయిన యొకడు దావా వేయగా, 1788లో న్యాయస్థానము, ఊరందరికి ఇబ్బంది కలుగుటకంటె ఒక్కడు నష్టపోవుటయే మేలను భావముతో దానిని త్రోసివేసెను. బాటను బాగుచేయనందుకు దావా చెల్లదను సూత్రమును ఆ దేశము తొలగించుకొనుటకు 1961 నాటి చట్టము కావలసివచ్చెను. మన దేశమున 1859లో కలకత్తా కిద్దర్‌పూరు నౌకాశాల దారిలో సర్కారు కూలీలు మోసుకొనిపోవు ఇనుపకడ్డీ నడిదారిన పడగా, ఆ చప్పుడునకు బెదరిన గుఱ్ఱములలో ఒకటి గాయపడెను. పరిహారముగా కోరబడినది 350 రూపాయలు. 1861లో ప్రధాన న్యాయమూర్తి బార్న్స్ పీకాక్, ప్రజలవలెనే సర్కారు సాగించు పనులలో పుట్టిన నష్టమునకు సర్కారే ఉత్తరవాది యనియు, ప్రభుత్వాధికారముతో మాత్రమే చేయదగిన పనులకు కాదనియు గీత గీసెను. ఒక గుఱ్ఱపు గాయమునుండి పుట్టిన ఆ విభజనపై తరువాతి నూరేండ్ల వాదములు నడచినవి.

స్వాతంత్ర్యానంతరము ఆ గీత క్రమముగా సన్నగిల్లెను. ఉదయపూరులో సర్కారు జీపు క్రింద పడి మరణించిన పాదచారి కుటుంబమునకు రాష్ట్రమే పరిహార మీయవలెనని సుప్రీంకోర్టు 1962లో నిర్ణయించెను. ఢిల్లీ చాందినీచౌకులో గడియార స్తంభము కూలి బాటసారులు మరణించిన వ్యాజ్యెమున, దారి ప్రక్కనున్న కట్టడమును పరీక్షించి కాపాడుట పురపాలకుల విధి యని 1966లో తేల్చెను. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాదిగా నిలిచిన 1994 నాటి కేసులో, ప్రజాసంక్షేమ రాజ్యమున ఉద్యోగుల అజాగ్రత్తకు సార్వభౌమత్వము డాలు కాజాలదని స్పష్టపరచెను.

అయినను మోటారు చట్టము చూపు బండిపైననే నిలిచియుండెను. 1939 చట్టమునకు 1956లో జరిగిన సవరణవలన క్లెయిముల ట్రిబ్యునళ్లు ఏర్పడి, డ్రైవరును, యజమానిని, బీమా కంపెనీని పిలిచి విచారించినవి. దిక్కులేని కుటుంబములకు అవి చేసిన మేలు సామాన్యము కాదు. అయితే సాక్షుల వరుసలో గాని ముద్దాయిల వరుసలో గాని బాట నిలువలేదు. 2019 సవరణలోని 198ఎ విభాగము ఆ లోటును కొంత తీర్చినది. నిర్దేశిత ప్రమాణములను పాటింపక, మరణమునకో అంగవైకల్యమునకో కారకులైన అధికారసంస్థ గాని, కాంట్రాక్టరు గాని, కన్సల్టెంటు గాని లక్ష రూపాయల వరకు జరిమానా చెల్లింపవలెను. ఆ బాట ఎట్టిది, దానిపై ఎట్టి వాహనములు తిరుగును, దాని దుస్థితి వారికి ముందే తెలిసియుండెనా, హెచ్చరిక పలక నిలిపిరా యని న్యాయస్థానము విచారించును. ఒక ప్రాణమునకు లక్ష రూపాయలు మిక్కిలి స్వల్పము. అదియు బాధితుని యింటికి గాక ప్రమాదనిధికి పోవును. అయినను బాటను ప్రశ్నింపవచ్చునని చట్టము ఒప్పుకొనుట చిన్న విషయము కాదు.

ఆ ప్రశ్న కోర్టులో పుట్టవలెనన్న ముందు దారిపైననే పుట్టవలెను. పంచనామాలో బండి నంబరుతో పాటు, మలుపునకు ముందు ఎన్ని మీటర్లు కనబడుచున్నది, తారు అంచు నేలకంటె ఎన్ని అంగుళములు ఎత్తున తెగిపోయినది, హెచ్చరిక పలక యున్నదా లేదా యని కొలిచి వ్రాయవలెను. కొలిచి వ్రాసినచో దోషము తన పుట్టుచోటును చెప్పును. పొందూరు చేతులకు ఆ సంగతి ఏనాటినుండియో తెలియును.