బగ్దాదు విచారగోష్ఠులు: హిజ్రీ నాలుగవ శతాబ్దపు ఒక అధ్యాయం

హిజ్రీ నాలుగవ శతాబ్దం (క్రీస్తు శకం పదవ శతాబ్దం) అబ్బాసీ ఖిలాఫత్‌కు రాజకీయంగా క్షీణదశ. హి. 334 (క్రీ.శ. 945)లో బువైహీలు బగ్దాదులో ప్రవేశించిన తరువాత ఖలీఫా నామమాత్రపు ప్రభువుగా మిగిలాడు. కాని ఆ కాలమే ఆ నగరంలో విద్యావిచారణకు ఉజ్జ్వలదశ అయింది. నిజామియా మద్రసా ఇంకా పుట్టలేదు, అది హి. 459 (క్రీ.శ. 1067)లో గాని వెలయలేదు. హేతువిచారణయందు ఆసక్తి గలవారు వజీర్ల మందిరాలలో, పుస్తకాల అంగళ్లలో, పండితుల ఇండ్లలో సమావేశమయ్యేవారు. ఈ సమావేశాలకే మజ్లిస్ అని పేరు. వేర్వేరు మతాలవారు ఒకచోట కూర్చుని బుద్ధిని ప్రమాణంగా చేసుకొని మాట్లాడుకోవడం ధర్మానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆనాడే తీవ్ర వివాదాంశమైంది.

వజీర్ ఇబ్నుల్ ఫురాత్ సభలో హి. 320, 326 (క్రీ.శ. 932, 938) మధ్యకాలంలో జరిగిన వాదం వీటిలో మిక్కిలి ప్రసిద్ధం. ఒక ప్రక్క క్రైస్తవ తర్కవేత్త అబూ బిష్ర్ మత్తా. మరొక ప్రక్క వ్యాకరణవేత్త అబూ సయీద్ సీరాఫీ. సరియైన మాటను తప్పు మాట నుండి వేరుచేసే త్రాసు తర్కశాస్త్రమని మత్తా వాదన. యవనుల భాష నుండి పుట్టిన శాస్త్రం అరబ్బులను, తురుష్కులను, పారశీకులను, హిందువులను ఎట్లా బంధిస్తుందని సీరాఫీ ప్రశ్న. నాలుగూ నాలుగూ ఎనిమిది అనేది అన్ని జాతులకూ ఒక్కటే గదా అని మత్తా అనగా, బుద్ధితో తెలుసుకోవలసిన సంగతులన్నీ అంత తేటగా ఉంటే వివాదమే ఉండదని సీరాఫీ బదులు చెప్పాడు. సభ సీరాఫీని మెచ్చుకున్నది. అయితే మత్తాను ఎదిరించగలవారెవరని వజీరే ముందుగా సభికులను పురికొల్పాడు. ఆ వృత్తాంతం మనకు అందినది కూడా సీరాఫీ పక్షం నుండే. ఆ రోజు మత్తా ఓడిపోయిన మాట నిజమే. తర్కం భాషకు లోబడినదా, భాషకు అతీతమా అనే అసలు ప్రశ్న మాత్రం తేలలేదు.

ఆ ప్రశ్నను మత్తా శిష్యుడు యహ్యా బిన్ అదీ (క్రీ.శ. 893–974) తరువాత తీరికగా చేపట్టి, తర్కానికి, అరబీ వ్యాకరణానికి గల భేదాన్ని వివరిస్తూ ఒక గ్రంథం రచించాడు. ఆయన యాకోబీ క్రైస్తవుడు. పుస్తకాలకు నకళ్లు వ్రాయడం ఆయన జీవనోపాధి. తబరీ రచించిన ఖుర్ఆన్ వ్యాఖ్యానాన్ని స్వహస్తంతో రెండుసార్లు నకలు చేశాననీ, రాత్రింబగళ్లు కలిపి నూరు పత్రాలు వ్రాస్తాననీ ఆయన ఇబ్నున్నదీమ్‌తో చెప్పుకున్నాడు.

ఆయన తరువాత ఆ వర్గానికి పెద్దదిక్కు అయినవాడు అబూ సులైమాన్ సిజిస్తానీ. తర్కంలో ప్రావీణ్యం వలన ఆయనకు ‘మంతిఖీ’ అని పేరు వచ్చింది. ఒంటి కన్ను, చర్మవ్యాధి కారణంగా ఆయన ఇంటిపట్టుననే ఉండేవాడని చరిత్రకారుడు ఖిఫ్తీ వ్రాశాడు. కనుక విద్యార్థులు, పండితులే ఆయన ఇంటికి వచ్చేవారు. వారిలో ముస్లింలూ ఉన్నారు, ఇబ్ను జుర్ఆ వంటి క్రైస్తవులూ ఉన్నారు. ఇంటి అద్దెకు, పూట భోజనానికి సైతం గురువు ఇబ్బందిపడుతున్నాడని శిష్యుడు అబూ హయ్యాన్ తౌహీదీ వజీర్ ఇబ్ను సఅదాన్‌కు విన్నవించాడు. ఆ కాలపు ఈ గోష్ఠులను తౌహీదీ ‘అల్ ముఖాబసాత్’ అనే గ్రంథంలో 106 అధ్యాయాలుగా భద్రపరచాడు. వజీరు సభలో వలె ఇక్కడ గెలుపోటముల లెక్క లేదు. ఒకరు సందేహం అడిగేవారు, మరొకరు వివరించేవారు, చివరకు పెద్దాయన అభిప్రాయం కోరేవారు.

ఇటువంటి సభలను చూచి కలతచెందినవారు కూడా ఉన్నారు. అందలూసియా నుండి వచ్చిన ఒక విద్వాంసుని అనుభవాన్ని హుమైదీ గ్రంథస్థం చేశాడు. ఆయన బగ్దాదులో వెళ్లిన సభలో ముస్లింలతోపాటు యూదులు, క్రైస్తవులు, మజూసీలు, నాస్తికులు కూర్చున్నారు. ఎవరూ తమ గ్రంథాన్ని గాని, ప్రవక్త మాటను గాని ప్రమాణంగా చూపరాదు, బుద్ధికి అందే వాదనలే చేయవలెనని అక్కడ నియమం. ఆయన రెండు సభలు చూచి మళ్లీ వెళ్లలేదు. ఖైరవాన్‌లో ఈ సంగతి విన్న ఇమామ్ ఇబ్ను అబీ జైద్ ఎంతో ఆవేదన చెందారు. ఆ ఆవేదనను చాదస్తమని త్రోసివేయడం న్యాయం కాదు. దివ్యవాణిని ప్రక్కనపెట్టి చర్చించడానికి అలవాటుపడినవాడు దానిని పూర్తిగా మరచిపోడా అన్నదే వారి భయం.

ఈ భయానికి సమాధానం అబూ సులైమాన్ మాటలలోనే లభిస్తుంది. బస్రాకు చెందిన ఇఖ్వానుస్సఫా వర్గం తత్త్వశాస్త్రాన్ని, షరీఅత్‌ను కలిపివేయ యత్నిస్తూ లేఖలు వ్రాసింది. అనుయాయులు ఏ ఊరిలో ఉన్నా నిర్ణీత సమయాలలో తమవారితోనే రహస్యంగా సమావేశం కావాలని బోధించింది. ఆ లేఖలను తౌహీదీ గురువుకు చూపించాడు. ఇది సాధ్యం కాని పని అని ఆయన తేల్చాడు. షరీఅత్ వహీ ద్వారా వచ్చినది. తత్త్వం మానవ పరిశోధన. దేని స్థానం దానిది, ప్రవక్త స్థానం తత్త్వవేత్త కంటె మిన్న అని ఆయన భావం. బుద్ధి హద్దును గుర్తించినవాడు బగ్దాదు తార్కికులలో అగ్రగణ్యుడే కావడం గమనార్హం.

ఆ గోష్ఠులు ఎక్కువ కాలం నిలవలేదు. ఇబ్ను సఅదాన్ పదవి కోల్పోయి చంపబడ్డాడు. తౌహీదీ వృద్ధాప్యంలో నిరాశతో తన పుస్తకాలను తానే తగులబెట్టాడు; అప్పటికే ఇతరుల చేతులలో ఉన్న ప్రతుల వలననే ఆ సంభాషణలు మనకు దక్కాయి. తర్కశాస్త్రానికి మాత్రం మరొక ఆశ్రయం దొరికింది. ఇమామ్ గజాలీ (మరణం క్రీ.శ. 1111) తమ ‘అల్ ముస్తస్ఫా’లో ధర్మశాస్త్ర మూలసూత్రాలకు పీఠికగా తర్కాన్ని నిలిపారు. పద్దెనిమిదవ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌లో రూపొందిన దర్సె నిజామీ పాఠ్యక్రమంలో దానికి పెద్దపీట వేశారు. వజీర్ సభలో మత్తా ఓడిపోయిన శాస్త్రం ఆ విధంగా మన దేశపు మద్రసాలలో పాఠమయింది. అయితే అబూ సులైమాన్ ఇంటిలో అది కంఠస్థం చేసే పాఠంగా గాక, మతభేదం లేకుండా ప్రక్కన కూర్చున్నవానిని అడిగే ప్రశ్నగా ఉండేదని ఆ పాఠం చదివేవారు, చెప్పేవారు గుర్తుంచుకోదగును.