రాణి మాట కాదన్న ఆర్చ్‌బిషప్

1576 డిసెంబరులో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కు సుమారు 6,000 మాటల ఉత్తరం ఒకటి అందింది. రాసింది కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎడ్మండ్ గ్రిండల్. ఆ దేశపు చర్చిలో రాణి తర్వాత అంతటి పెద్ద ఆయనే. పీఠమెక్కి ఇంకా ఏడాది నిండలేదు. మీరు చెప్పిన పనికి నా మనస్సాక్షి ఒప్పుకోదు, కావాలంటే పదవి తీసుకోండి అన్నది ఆ ఉత్తరం సారాంశం. రాణి తండ్రి ఎనిమిదో హెన్రీ కాలంలో రాజు మాట కాదన్న వాళ్ల తలలు తెగిపడ్డాయి. ఆ సంగతి ఎరిగి కూడా ఆయన కలం పట్టాడు.

ఇంతకీ గొడవ దేని గురించి? రోమ్‌తో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండులో చాలా ఊళ్ల పాస్టర్లకు సొంతంగా ప్రసంగించడం రాదు. అచ్చువేసి ఇచ్చిన ప్రసంగాల పుస్తకం చదివి ఆరాధన ముగించేవారు. ఈ లోటు తీర్చడానికి కొన్నిచోట్ల చుట్టుపక్కల పాస్టర్లందరూ దగ్గర్లోని పట్టణంలో కూడేవారు. ఒకే బైబిలు భాగం మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. అనుభవమున్న పెద్దాయన సభ నడిపించేవాడు. ఊరి జనం కూర్చుని వినేవారు. జనం వెళ్లిపోయాక పాస్టర్లు తమలో తాము తప్పొప్పులు చెప్పుకునేవారు. వీటినే ప్రవచన సభలు అనేవారు. నా దృష్టిలో ఇవి పాస్టర్లకు పాఠశాలలు.

రాణికి మాత్రం వీటిలో ముప్పు కనిపించింది. జనం గుమిగూడి మతం గురించి ఆలోచించడం మొదలుపెడితే తీవ్ర సంస్కరణవాదులైన ప్యూరిటన్లకు బలం పెరుగుతుందని ఆమె భయం. ఒక్కో జిల్లాకు ముగ్గురో నలుగురో ప్రసంగకులుంటే చాలు, ఈ సభలు ఆపించండి అని ఆజ్ఞాపించింది. గ్రిండల్ తొందరపడలేదు. బిషప్‌లందరినీ అడిగాడు. ఎక్కువమంది సభల వల్ల మేలే జరుగుతోందన్నారు. అదుపు తప్పకుండా కట్టుబాట్లు పెడదామన్నాడు. రాణి వినలేదు. అప్పుడు పుట్టింది ఆ ఉత్తరం. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి థియొడోషియస్‌ను ఎదిరించి నిలిచిన మిలాన్ బిషప్ అంబ్రోస్‌ను అందులో గుర్తుచేశాడు. మతం సంగతులు బిషప్‌లకు వదిలేయమన్నాడు. రాణి కూడా ఒకనాడు మరణించి దేవుడి ముందు నిలబడాల్సిన మనిషేనని చెప్పాడు.

గ్రిండల్ పుట్టుకతో మొండివాడేమీ కాదు. 1519 ప్రాంతంలో కంబర్లండ్‌లోని సెయింట్ బీస్‌లో, వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి లండన్ బిషప్ నికొలస్ రిడ్లీ దగ్గర చేరాడు. 1553లో కాథలిక్ రాణి మేరీ గద్దెనెక్కడంతో ప్రాణాలు దక్కించుకుని స్ట్రాస్‌బర్గ్ చేరాడు. రెండేళ్ల తర్వాత గురువు రిడ్లీని ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. అలా బలైనవారి వివరాలను పరాయి నేల మీద ఉండి పోగుచేసి, చరిత్రకారుడు జాన్ ఫాక్స్‌కు అందించిన వాళ్లలో గ్రిండల్ ఒకడు. 1559లో తిరిగొచ్చి లండన్ బిషప్, 1570లో యార్క్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. 1566లో పాస్టర్ల దుస్తుల వివాదం వచ్చినప్పుడు, తనకు నచ్చకపోయినా రాణి ఆజ్ఞ అమలు చేశాడు. వస్త్రాల దగ్గర తలవంచిన మనిషి బోధన దగ్గర వంచలేదు. ఆయన గొప్పతనం నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది.

1577 మేలో రాణి ఆయనతో పనిలేకుండా బిషప్‌లకే నేరుగా రాసి సభలు ఆపించింది. జూన్‌లో ఆయన అధికారాలు తీసేసి లాంబెత్ భవనంలో నిర్బంధించింది. పూర్తిగా తొలగించాలనే ఆమె పట్టు. కానీ అది దేశానికి మంచిది కాదని మంత్రులు భయపడ్డారు. ఒక్క మాట తప్పయిందని ఒప్పుకుంటే చాలని మిత్రులు బతిమాలారు. రాణి మనసు నొప్పించినందుకు బాధపడ్డాడే గాని, ఉత్తరంలో రాసింది తప్పని ఏనాడూ అనలేదు. కవి ఎడ్మండ్ స్పెన్సర్ 1579లో తన గొల్లపాటల కావ్యంలో, పేరులోని అక్షరాలు తారుమారు చేసి, ఆయన్ని మంచి కాపరిగా చిత్రించాడు.

ఆయన పట్టుదల అంతా మెచ్చుకోదగిందని అనను. పోప్ గ్రెగరీ సవరించిన క్యాలెండరును తీసుకుందామని 1583లో ప్రభుత్వం అనుకుంటే, పోప్ వెంట నడవడమేమిటని గ్రిండల్, మరికొందరు బిషప్‌లు అడ్డుపడ్డారు. ఇంగ్లండు 1752 దాకా పాత లెక్కలోనే ఉండిపోయింది. పదిహేడో శతాబ్దపు మచిలీపట్నంలో ఒకే రోజు ఇంగ్లిషువాళ్లు రాసుకున్న తేదీ డచ్చివాళ్ల తేదీకి పది రోజులు వెనకబడి ఉండటానికి మూలం అక్కడుంది.

చూపు దాదాపు పోయిన స్థితిలో, 1583 జూలై 6న క్రాయ్‌డన్‌లో గ్రిండల్ కన్నుమూశాడు. సరిగ్గా మూడు రోజుల ముందు పుట్టిన ఊళ్లో బడి కోసం నియమావళి ఖాయం చేశాడు. బిషప్‌ల వ్యవస్థే వద్దన్న కవి మిల్టన్ సైతం 1641లో ఆ కాలపు బిషప్‌లందరిలో ఉత్తముడు గ్రిండలేనని రాశాడు. పీఠం మీద ఆయన స్వేచ్ఛగా పనిచేసింది ఏడాదిన్నర కూడా లేదు. అయినా ఎలిజబెత్ కాలపు ముగ్గురు కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌లలో నేను పెద్దపీట వేసేది ఆయనకే.