అప్పు, కోరిక, నడక: ఇంగ్లీషు రేపటి కథ

ఇంగ్లీషులో కాలాలెన్ని అంటే బడికెళ్ళిన ఎవరైనా మూడు అంటారు. భాషాశాస్త్రం చదివినవాళ్ళలో చాలామంది మాత్రం రెండే అంటారు. వర్క్, వర్క్‌డ్ అని క్రియ రూపం మారేది వర్తమానానికీ భూతానికీ మాత్రమే. భవిష్యత్తుకంటూ సొంత రూపం లేదు. ప్రాచీన ఇంగ్లీషులో కూడా వర్తమాన రూపమే రేపటికీ పనిచేసేది. ఏ కాలమో సందర్భాన్ని బట్టి తెలిసిపోయేది. ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అని ఇప్పటికీ అంటాం కదా, అలాగన్నమాట. మనకిది వింతేమీ కాదు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెంటికీ మనకున్నది ఒకటే ‘వస్తాను’.

మరి షల్, విల్ ఎక్కణ్ణుంచి వచ్చాయి? రెండూ మొదట్లో కాలాన్ని చెప్పే మాటలు కావు. షల్‌కి పూర్వరూపమైన ‘షులన్’ అంటే బాకీ ఉండటం, చేయక తప్పకపోవడం. జర్మన్‌లో అప్పునీ తప్పునీ రెంటినీ చెప్పే ‘షుల్ట్’ దీనికి చుట్టమే. విల్‌కి పూర్వరూపం ‘విల్లన్’, అంటే కోరుకోవడం. వీలునామాని విల్ అనడంలో ఆ కోరిక ఇంకా మిగిలే ఉంది. తీర్చాల్సిన అప్పూ, తీరని కోరికా రేపటివైపే చూస్తాయి కాబట్టి ఈ రెండు మాటలూ మెల్లగా అటు జరిగాయి. 14వ శతాబ్దం చివర్లో విక్లిఫ్ పేరుతో వచ్చిన బైబిల్ అనువాదంలో లాటిన్ భవిష్యత్ రూపాలకు ఎక్కువగా షల్‌నే వాడారు.

ఆ తర్వాత కథలోకి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. జాన్ వాలిస్ ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణితం ప్రొఫెసర్. అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది గుర్తు ఆయన పెట్టిందే. 1653లో ఆయన విదేశీయుల కోసం లాటిన్‌లో ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాశారు. అందులో ఒక చక్కటి పట్టిక లాంటి సూత్రం ఉంది: ‘నేను’తో షల్ వస్తే మామూలు భవిష్యత్తు, విల్ వస్తే మాట ఇవ్వడమో బెదిరించడమో. ‘నువ్వు’, ‘అతను’ దగ్గర ఇదంతా తిరగబడుతుంది. కోడ్ రాసేవాడిగా నాకు ఇలాంటి సౌష్ఠవం ముచ్చటేస్తుంది. అందుకే అనుమానం కూడా వేస్తుంది. మనుషులు ఇంత పద్ధతిగా మాట్లాడతారా?

1795లో లిండ్లీ మర్రే వ్యాకరణం వచ్చాక ఇలాంటి సూత్రాలు బడిపిల్లల పాఠాలైపోయాయి. పరాయివాళ్ళకు సాయంగా పుట్టిన సూత్రం పరాయివాళ్ళను పట్టుకునే వల అయింది. నీళ్ళలో మునుగుతున్న ఐరిష్‌వాడు ‘ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ’ అని అరిచాడట. మునిగే తీరతాను, నన్నెవరూ కాపాడ్డానికి వీల్లేదు అంటున్నాడనుకుని జనం చూస్తూ ఊరుకున్నారట. కొన్నిచోట్ల ఆ మునిగేవాడు స్కాట్లండ్‌వాడు, కొన్నిచోట్ల ఫ్రెంచివాడు. లండన్ పెద్దమనిషి మాత్రం ఎప్పుడూ మునగడు. 1906లో ఫౌలర్ సోదరులు ఈ షల్, విల్‌ల కోసం పేజీలకు పేజీలు ఖర్చుపెట్టి, ఇది దక్షిణ ఇంగ్లండ్ వాళ్ళకు సహజంగా అబ్బుతుందనీ, మిగతావాళ్ళకు పట్టుబడటం కష్టమనీ తేల్చారు. నేర్పడానికి వీల్లేని దాన్ని నియమం అనడమెందుకో! అయినా రెన్ అండ్ మార్టిన్ పుణ్యమా అని అది మన తరగతి గదుల దాకా వచ్చింది.

1925లో చార్ల్స్ ఫ్రీస్ అనే అమెరికన్ పాత నాటకాల నుంచి కొత్త నాటకాల దాకా తిరగేసి, షల్, విల్ ఎక్కడెలా వచ్చాయో లెక్కపెట్టాడు. పాత్రల మాటలకూ సూత్రానికీ పొంతన కుదరలేదు. ‘నేను’ తర్వాత కూడా విల్ ధారాళంగా వస్తోంది.

ఈలోగా జనం మూడో దారి వేసుకున్నారు: గోయింగ్ టు. 1646లోనే జాషువా పూల్ తన వ్యాకరణంలో దీన్ని భవిష్యత్తుకు గుర్తుగా చెప్పాడు. కాళ్ళతో నడిచే ‘గోయింగ్’ కాలంలోకి నడిచింది. ‘వాన పడబోతోంది’ అన్నప్పుడు మనమూ చేసేదదే. ఆ ‘బో’ మన ‘పోవు’ తప్ప మరేం కాదు. వాన ఎక్కడికీ పోవడం లేదు, అయినా పడబోతోంది.

షల్ మాత్రం చచ్చిపోలేదు, పుట్టింటికి చేరింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకు 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 2119 అనే పత్రం, షల్ అంటే మస్ట్‌తో సమానం అని తేల్చేసింది. అంటే మళ్ళీ బాకీయే. చట్టం దగ్గర అంత తేలిక కాదు. ప్రభుత్వోద్యోగిపై క్రమశిక్షణ చర్య విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని మన రాజ్యాంగం 320వ అధికరణ షల్‌తోనే చెబుతుంది. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, ఇక్కడ షల్ తప్పనిసరి కాదు, సంప్రదించనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదు అంది. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు ఈ గొడవంతా ఎందుకని షల్‌ను తీసేశారు.

‘నేను’ పక్కన షల్ రావాలా విల్ రావాలా అని తరాల తరబడి పిల్లలకు మార్కులు కోశారు. ఒకరి ఉద్యోగం తేలాల్సిన చోట ఆ పట్టిక ఎందుకూ పనికిరాలేదు. అక్కడ అడగాల్సిన ప్రశ్న వ్యాకరణం పుట్టక ముందటిదే: ఎవరు ఎవరికి బాకీ?